యుకులేలే కొత్తగా పట్టుకున్నవారికి: కార్డ్స్, పాటలు, సాధన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు మొదలుకొని అటు నరసాపురం, పాలకొల్లు, భీమవరం దాకా యుకులేలే కొనుక్కుంటున్న పిల్లలూ పెద్దలూ ఈమధ్య బాగా పెరిగారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. చదువుతుంటే ఒక మాట పదే పదే తగులుతుంది: కుడి చెయ్యి ఆగకూడదు. కొత్తవాళ్ల ఇబ్బందుల్లో సగానికి సగం ఈ ఒక్క మాటతో తీరతాయని నా గట్టి నమ్మకం.

నలభై దాటాయండీ, సంగీతం ముక్క రాదు. ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా?

వస్తుంది. తీగలు నాలుగే, అవి కూడా మెత్తటి నైలాన్ రకం. ఒక్క వేలు పెడితే పలికే కార్డ్స్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాల కలయికలు) ఉన్నాయి. పైగా సంగీతం రాదనుకునేవాళ్లలో చాలామందికి లయ ముందే వచ్చి ఉంటుంది. రామకోవెల భజనలో తాళం వేసినవాళ్లు, చర్చిలో కోరస్ పాడినవాళ్లు, ధనుర్మాసంలో గొబ్బి చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగినవాళ్లు లయ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. దాన్ని చేతిలోకి దించుకుంటే చాలు.

ఏ సైజు కొనాలి?

ప్రధానంగా నాలుగు సైజులు: సొప్రానో సుమారు 21 అంగుళాలు, కాన్సర్ట్ 23, టెనర్ 26, బారిటోన్ 30. ఆరేడేళ్ల పిల్లలకు సొప్రానో బావుంటుంది. పెద్దవాళ్లకు నేను కాన్సర్టే చెబుతాను. సొప్రానోలో ఫ్రెట్లు (మెడ మీద అడ్డ కడ్డీలతో విడదీసిన గళ్లు) మరీ దగ్గరగా ఉండి, లావు వేళ్లున్నవాళ్లకు ఒక వేలు పక్క తీగను తాకేస్తుంది. టెనర్ కూడా మంచిదే, ధ్వని కాస్త నిండుగా ఉంటుంది. బారిటోన్ మాత్రం ఇప్పుడు వద్దు. దాని శ్రుతి వేరు, ఈ పేజీలో చెప్పే కార్డ్స్ పేర్లు దానికి సరిపోవు.

కొనేటప్పుడు రంగులూ బొమ్మలూ చూడకండి. తీగను బిగించే మర తిప్పితే బిగువుగా తిరుగుతోందా, తిప్పి వదిలాక వెనక్కి జారుతోందా, ఒక్కో తీగ మీద ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటితే స్పష్టంగా పలుకుతోందా చూడండి. బొమ్మల దుకాణంలో దొరికేది శ్రుతిలో నిలవదు, దానితో నేర్చుకునే పిల్లాడు తప్పు తనదనుకుని మానేస్తాడు. డబ్బులు తక్కువుంటే ఇంకో రెండు నెలలు ఆగి మంచిది కొనండి.

ఇది చిన్న గిటారేనా, వేరే వాయిద్యమా?

వేరే వాయిద్యమే. 1879లో పోర్చుగల్ వారి మదీరా దీవి నుంచి కొన్ని కుటుంబాలు రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో హవాయికి వలస వెళ్లాయి, చెరుకు తోటల్లో పని కోసం. వాళ్లతోపాటు ఒక చిన్న నాలుగు తీగల వాయిద్యం వెళ్లింది. ఆ ఓడలోనే వెళ్లిన మాన్యుయెల్ నూనెస్, అగస్టో డియాస్, జోస్ దో ఎస్పిరిటో శాంటో అనే ముగ్గురు కొయ్య పనివాళ్లు హొనొలులులో దాని నుంచే యుకులేలేను తయారుచేయడం మొదలుపెట్టారు. హవాయి రాజు కలాకౌవా దాన్ని ఆదరించి ఆస్థానంలో వాయింపించాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో వినిపించాక అమెరికా అంతటా పాకింది.

శ్రుతి ఎలా చెయ్యాలి?

వాయిద్యం పట్టుకున్నప్పుడు నేలవైపు ఉన్నది ఒకటో తీగ, మీ ముఖం వైపు ఉన్నది నాలుగో తీగ. నాలుగు నుంచి ఒకటి దాకా వరుసగా జి, సి, ఇ, ఎ. ఫోన్‌లో ఏదైనా ట్యూనర్ యాప్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంట్లో హార్మోనియం ఉంటే ఇంకా మంచిది. ఒకటి శ్రుతిలో, అంటే సి మీద, స పెట్టుకోండి. మూడో తీగ స, రెండో తీగ గ, నాలుగో తీగ ప, ఒకటో తీగ ధ. పైనుంచి కిందికి మీటితే ప-స-గ-ధ. నాలుగూ ఒకే స్థాయిలోవి. నాలుగో తీగ మూడో తీగకంటే హెచ్చు స్వరంలో ఉండటం చూసి చాలామంది కంగారుపడి దాన్ని కిందికి దించేస్తారు. దించకండి, అది అలాగే ఉండాలి. యుకులేలేకు ఆ గలగల వచ్చేది అక్కడినుంచే.

పొద్దున్న శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతోంది. చెడిపోయిందా?

చెడిపోలేదు. కొత్త నైలాన్ తీగలు వారం పది రోజులు సాగుతూనే ఉంటాయి. రోజూ వాయించే ముందు ఒక్కో తీగను మధ్యలో పట్టుకుని మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చెయ్యండి. తొందరగా కుదురుకుంటాయి. మర తిప్పేటప్పుడు కావలసిన స్వరం దాటిపోతే, బాగా కిందికి దించి మళ్లీ కింద నుంచి పైకి రండి. పై నుంచి దించి అక్కడే ఆపితే తీగ మళ్లీ వదులవుతుంది.

మొట్టమొదట ఏ కార్డ్స్ నేర్చుకోవాలి?

సి, ఎ మైనర్, ఎఫ్, జి సెవెన్. ఈ నాలుగూ వస్తే బోలెడు పాటలు పాడుకోవచ్చు. కింద ఇచ్చిన నాలుగు అంకెలు నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా ఏ ఫ్రెట్ నొక్కాలో చెబుతాయి. సున్నా అంటే ఆ తీగను నొక్కకుండా వట్టిగా మోగనివ్వడం.

సి: 0003
ఎ మైనర్: 2000
ఎఫ్: 2010
జి సెవెన్: 0212

అంకెలు బట్టీ పట్టేస్తే సరిపోదు. ఏ వేలు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తోందో చూడండి, అసలు కిటుకు అందులో ఉంది. సి కార్డ్‌కు ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంగరపు వేలు. కొందరు అక్కడ చూపుడు వేలు పెడతారు. అప్పటికి సులువే, తర్వాత దారి మూసుకుపోతుంది. ఎ మైనర్‌కు నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద మధ్య వేలు. అక్కడినుంచి ఎఫ్‌కు వెళ్లాలంటే మధ్య వేలు కదపనే కూడదు, రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద చూపుడు వేలు చేర్చండి, అంతే. ఎఫ్ నుంచి జి సెవెన్‌కు వెళ్లేటప్పుడు ఈసారి చూపుడు వేలు అక్కడే ఉంటుంది. మధ్య వేలు నాలుగో తీగ నుంచి మూడో తీగకు దిగుతుంది, ఉంగరపు వేలు ఒకటో తీగ రెండో ఫ్రెట్ మీద వాలుతుంది. ఇక జి సెవెన్ నుంచి సి కి: ఉంగరపు వేలు తీగ మీద నుంచి లేవకుండా రెండో ఫ్రెట్ నుంచి మూడో ఫ్రెట్‌కు జరుగుతుంది, మిగతా రెండు వేళ్లూ లేస్తాయి.

ప్రతి మార్పులోనూ ఏదో ఒక వేలు కదలకుండా ఉంటోంది, లేదా జరుగుతోంది. ఒక్క సి నుంచి ఎ మైనర్‌కు వెళ్లేటప్పుడే వేలు పూర్తిగా మారుతుంది. అందుకే ఈ నాలుగింటినీ ఇదే వరుసలో తిప్పి తిప్పి వాయించమంటాను. ఇవి కుదిరాక డి మైనర్ 2210, జి 0232, ఎ 2100, సి సెవెన్ 0001 తేలిగ్గా వస్తాయి. ఇ మేజర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. పాటలో అది వస్తే ఇ సెవెన్, అంటే 1202, పెట్టి చూడండి. చాలాచోట్ల బాగానే అతుకుతుంది.

నొక్కితే తీగ బరబరమంటోంది.

వేలు ఫ్రెట్ కడ్డీకి దూరంగా పడుతోంది. కడ్డీని ఆనుకుని, దానికి కాస్త వెనకగా నొక్కండి. వేలి కొస నిలువుగా దిగాలి, ఎడమ చేతి గోళ్లు పొట్టిగా ఉండాలి. అప్పటికీ ఒకే ఒక్క చోట బరబరమంటుంటే లోపం వాయిద్యానిది, కొన్నచోట చూపించండి.

వేళ్లు నొప్పి పెడుతున్నాయి.

కొసలు కొద్దిగా మండటం మామూలే, ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. మణికట్టు గాని, బొటనవేలి మొదలు గాని నొప్పి పుడితే మాత్రం ఆపండి. అంటే మెడను గట్టిగా పిసుకుతున్నారన్నమాట. నైలాన్ తీగకు అంత బలం అక్కర్లేదు. వాయిద్యం బరువంతా ఎడమ చేతి మీద పడుతున్నా ఇలాగే అవుతుంది. కుడి ముంజేత్తో ఒంటికి ఆనించి పట్టుకోండి, లేదంటే ఒక బెల్టు కొనుక్కోండి.

ఒక్కో కార్డ్ బాగానే వస్తోంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేసరికి పాట ఆగిపోతోంది. ఏం చెయ్యాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనికి నెమ్మదిగా జవాబు చెప్పాలి.

కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, కార్డ్ మారే చోట కుడి చెయ్యి ఆపి, ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటే సర్దుకుని, అన్నీ కుదిరాక మళ్లీ మొదలుపెడతారు. రోజూ అలా చేస్తే ఆగడమే అలవాటైపోతుంది. దీనికి తిరగేసి చెయ్యండి. కుడి చెయ్యి తన మానాన తను వెళ్తూనే ఉండాలి. ఎడమ చెయ్యి అందుకోగలిగినంత అందుకుంటుంది. వేళ్లు ఇంకా గాల్లో ఉండగానే తదుపరి దెబ్బ పడిపోతే పడనివ్వండి.

తప్పు స్వరం మోగదా అని భయం అక్కర్లేదు. ఏ వేలూ పెట్టకుండా నాలుగు తీగలూ మీటితే వచ్చేవి ప-స-గ-ధ. అది దానంతట అదే ఒక కార్డ్. సి సిక్స్ అన్నా, ఎ మైనర్ సెవెన్ అన్నా అదే. సి లో పాడుతున్నంతసేపూ ఆ వట్టి తీగల ధ్వని చెవికి తేడాగా అనిపించదు. అనుభవం ఉన్నవాళ్లు కూడా కార్డ్ మారే ముందు చివరి దెబ్బను వట్టి తీగల మీదే వేస్తుంటారు, శ్రద్ధగా వింటే మీకే తెలుస్తుంది. గిటార్‌లో లేని ఈ వెసులుబాటును వాడుకోండి.

సాధన ఇలా చెయ్యండి. టిక్ టిక్‌మని లయ చూపే మెట్రనోమ్ యాప్‌లో నిమిషానికి 60 పెట్టుకుని, సి నాలుగు దెబ్బలు, ఎ మైనర్ నాలుగు, ఎఫ్ నాలుగు, జి సెవెన్ నాలుగు. అన్నీ కిందికే. నాలుగో దెబ్బ వట్టి తీగల మీద పడినా పరవాలేదు, ఒకటో దెబ్బ మాత్రం సమయానికి పడాలి. ఇది ఐదు నిమిషాలు. ఏ రెండు కార్డ్స్ మధ్య తడబడుతున్నారో అవి రెండే తీసుకుని ఇంకో ఐదు నిమిషాలు. ఆ తర్వాత హాయిగా పాట పాడుకోండి.

స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి లయలో మీటడం) ఎలా? వీడియోల్లో బాణం గుర్తులు చూస్తే టెన్షన్ వస్తోంది.

బాణాలు పక్కన పెట్టి నోటితో చెప్పండి: త క ధి మి, త క జ ణు. ఎనిమిది అక్షరాలు. త, ధి, త, జ దగ్గర చెయ్యి కిందికి. క, మి, క, ణు దగ్గర పైకి. చూపుడు వేలి గోరుతో కిందికి, వేలి మెత్తటి భాగంతో పైకి. చెయ్యి ఎనిమిదిసార్లూ ఊగుతుంది, మణికట్టు నుంచి, తడి చెయ్యి విదిల్చినట్టు.

ఇప్పుడు ఎనిమిదిలో రెండు అక్షరాలు వదిలేద్దాం: మొదటి క, రెండో త. చెయ్యి ఊగుతుంది గాని తీగలకు తగలదు. మిగిలింది: త – ధిమి – కజణు. ప్రపంచంలో యుకులేలే పట్టిన ప్రతివాళ్లూ వాయించే ఐలాండ్ స్ట్రమ్ ఇదే. రెండో త దగ్గర అందరూ తడబడతారు, ఎందుకంటే దెబ్బ లేదు కదా అని చెయ్యి ఆపేస్తారు. దెబ్బ లేకపోయినా చెయ్యి కిందికి వెళ్లాల్సిందే. నోటితో అక్షరం పలుకుతుంటే చెయ్యి ఆగదు.

మన జానపదాల్లో, లాలిపాటల్లో, సినిమా పాటల్లో తిస్రం, అంటే మూడు నడక, బాగా ఎక్కువ. వాటికి తకధిమి పనికిరాదు. తకిట తకిట అనుకోండి. త కు బొటనవేలు కిందికి, కి కి చూపుడు వేలు కిందికి, ట కు చూపుడు వేలు పైకి. త మీద కొంచెం బరువు. పాట మీద చప్పట్లు కొట్టి చూస్తే నాలుగు నడకో మూడు నడకో తెలిసిపోతుంది. అది తేల్చుకోకుండా కార్డ్స్ వెతకడం మొదలుపెట్టకండి.

మొదట ఏ పాటలు ఎంచుకోవాలి?

పుస్తకం చూడకుండా మొత్తం పాడగలిగే పాట. సాహిత్యం గుర్తు తెచ్చుకుంటూ, కార్డ్ మారుస్తూ, లయ పట్టుకుంటూ ఒకేసారి మూడు పనులు చెయ్యడం కష్టం. అమ్మమ్మ పాడిన జోలపాట మంచి మొదలు. నెమ్మదిగా ఉంటుంది, చాలావాటికి రెండు మూడు కార్డ్స్ చాలు.

నా ఓటు మాత్రం భజనలకే. భజనలో ఒకరు పాడతారు, మిగతావాళ్లు అదే చరణం అందుకుంటారు. మీరు యుకులేలేతో ముందు పాడి, ఇంట్లోవాళ్లను అందుకోమనండి. వాళ్లు పాడుతున్నంతసేపూ మీ గొంతుకు విశ్రాంతి, ధ్యాసంతా వేళ్ల మీద పెట్టొచ్చు. ఒకే వరస ఎన్నిసార్లు తిరిగినా విసుగు రాదు. పైగా భజన మెల్లగా మొదలై క్రమంగా కాలం పెరుగుతుంది, సాధనకు కావలసింది సరిగ్గా అదే. చర్చికి వెళ్లేవాళ్లకు పల్లవి మళ్లీ మళ్లీ వచ్చే ఆరాధన గీతాలు ఇదే పని చేస్తాయి. హడావుడిగా సాగే కొత్త సినిమా పాటలు కొన్నాళ్లు ఆగొచ్చు.

నాకు కావలసిన తెలుగు పాటకు ఎక్కడా కార్డ్స్ దొరకడం లేదు.

మీరే కనుక్కోవచ్చు. పల్లవి పాడి, చివర గొంతు ఏ స్వరం మీద విశ్రాంతి తీసుకుంటుందో చూడండి. ఎక్కువ పాటల్లో అదే స. ఆ స్వరాన్ని మూడో తీగకు, అంటే సి కి, సరిపోయేలా పాడండి. ఇక స, మ, ప: ఈ మూడు స్వరాల మీద నిలబడే కార్డ్స్ సి, ఎఫ్, జి. పాట నడుస్తుండగా సి పట్టుకుని ఉండండి. పొసగలేదనిపించిన చోట ఎఫ్ వేసి చూడండి, అదీ కాకపోతే జి సెవెన్. తేలిక పాటలు చాలావరకు ఈ మూడింటిలో ఇమిడిపోతాయి. పాట దిగులుగా ఉండి సి అస్సలు అతకకపోతే ఎ మైనర్, డి మైనర్, ఇ సెవెన్ తీసుకుని ఇదే పని చెయ్యండి.

ఇంటర్నెట్‌లో గిటార్ కోసం రాసిన కార్డ్స్ కూడా వాడుకోవచ్చు, పేర్లు ఒకటే, వేళ్లు పెట్టే తీరు వేరు. వాటిలో తప్పులు కూడా ఉంటాయి. చెవికి నచ్చనిది కాగితం మీద ఉందని వాయించకండి.

సి లో పాడితే మా ఆవిడ గొంతుకు అందడం లేదండీ.

హార్మోనియం వాళ్ల లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒకటి శ్రుతి సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, నాలుగు ఎఫ్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ. మగవాళ్లు ఎక్కువగా ఒకటి నుంచి రెండు మధ్య, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర పాడతారు. ఐదు శ్రుతికి జి 0232, సి 0003, డి సెవెన్ 2020 వాడండి. ఐదున్నర కావాలంటే అవే వేళ్లు, మొదటి ఫ్రెట్ మీద కేపో (మెడకు బిగించి తీగలన్నిటినీ ఒకేసారి నొక్కే క్లిప్పు) పెట్టండి. రెండు శ్రుతికి సి కార్డ్స్ వేస్తూ కేపో రెండో ఫ్రెట్ మీద. గొంతును వాయిద్యానికి సర్దకండి, వాయిద్యాన్నే గొంతుకు సర్దండి. పిల్లలు గొంతు చించుకుని పాడటం చూస్తే బాధేస్తుంది.

దీని మీద మన రాగాలు పలుకుతాయా?

కొంతవరకు. మోహనం మాత్రం దీని కోసమే పుట్టినట్టు అమరుతుంది. మూడో తీగ వట్టిగా మీటితే స, అదే తీగ రెండో ఫ్రెట్ రి. రెండో తీగ వట్టిగా గ, మూడో ఫ్రెట్ ప. ఒకటో తీగ వట్టిగా ధ, మూడో ఫ్రెట్ పై స. ఆరోహణ అవరోహణ రోజూ నాలుగు సార్లు వాయిస్తే వేళ్లకు మంచి వ్యాయామం.

చిక్కేమిటంటే, మామూలు శ్రుతిలో దీని అట్టడుగు స్వరం మూడో తీగ స. మంద్రస్థాయికి చోటు లేదు. నాలుగో తీగ మార్చి ‘లో-జి’ తీగ (ఒక స్థాయి కింద పలికే జి) వేస్తే మంద్ర పంచమం దాకా దిగుతుంది. తీగ మోత కూడా తొందరగా ఆరిపోతుంది, కాబట్టి వీణలో పలికే గమకాలను ఇందులో ఆశించకండి. అలాగని విదేశీ వాయిద్యం మనకెందుకు అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఐదు తీగలకు మార్చుకుని కర్ణాటక సంగీతాన్ని దాని మీద లోకానికంతటికీ వినిపించాడు. ఆ ఊరి చుట్టుపక్కల ఉంటూ ఈ ప్రశ్న అడిగేవాళ్లకు ఇంతకు మించిన జవాబు లేదు.

మన వాతావరణంలో ఎలా కాపాడుకోవాలి?

కొయ్య వాయిద్యాలకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిదంటారు. డెల్టాలో ఏడాదిలో చాలా నెలలు అంతకంటే ఎక్కువే. కొయ్య తేమ పీల్చి ఉబ్బితే పై పలక పొంగుతుంది, తీగలు ఎత్తుగా నిలబడి నొక్కడం కష్టమవుతుంది. అందుకే ఇక్కడివాళ్లకు మొదటి వాయిద్యంగా లామినేట్ (పొరలు అంటించిన) కొయ్యదే నయం, సాలిడ్ (పొరలు లేని) కొయ్య అంత ఓర్వదు. వర్షాకాలంలో చెమ్మ ఊరే గోడకు మేకు కొట్టి తగిలించకండి. సంచిలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, అల్మారా పై అరలో పెట్టండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో సంచి జిప్పు పూర్తిగా మూసి ఉంచండి.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి తీగలకు ఏమీ కాదు గాని, తీగలు బిగించే మరలకున్న ఇనుప భాగాలు తుప్పు పడతాయి. వాయించాక పొడి గుడ్డతో తీగలు, మరలు, మెడ తుడవండి. ఉక్కపోతలో చేతి చెమట కూడా ఉప్పే.

తేమను మించిన ప్రమాదం ఎండ. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం మే నెల ఎండలో ఆగినప్పుడు బండి మీద కట్టిన సంచిని తీసి నీడలో పెట్టండి. అద్దాలు మూసిన కారులో అయితే అసలే వదలొద్దు. జిగురు మెత్తబడి బ్రిడ్జి (పై పలక మీద తీగలు కట్టే ముక్క) ఊడిపోతుంది.

రోజుకు ఎంతసేపు సాధన చెయ్యాలి? మా అమ్మాయి టెన్త్ కూడా.

పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోవడం కంటే అదే మేలు. టెన్త్ అమ్మాయికి ట్యూషన్ నుంచి వచ్చాక, పుస్తకం తెరిచే ముందు పది నిమిషాలు ఇవ్వండి. వాయిద్యాన్ని సంచిలోంచి తీసి చేతికి అందేచోట ఉంచితే మీరు గుర్తుచెయ్యనక్కర్లేదు. మార్కుల కోసమని దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి, దయచేసి.

ఎడమ చేతివాటం ఉన్నవాళ్ల సంగతేమిటి?

ముందు అందరిలాగే పట్టుకుని నెల రోజులు చూడండి, చాలామందికి కుదురుతుంది. కుదరకపోతే తీగలు తిరగేసి వేయించుకోవచ్చు.

ఇది వచ్చాక గిటార్ సులువవుతుందా?

అవుతుంది. గిటార్ కింది నాలుగు తీగల మీద ఐదో ఫ్రెట్ దగ్గర కేపో పెడితే వచ్చే స్వరాలే ఇక్కడా ఉన్నాయి, నాలుగో తీగ ఒక్కటే స్థాయి పైది. అందువల్ల మీ వేళ్లకు అలవాటైన ఆకారాలే అక్కడా కనిపిస్తాయి, పేర్లు మారతాయి. ఇక్కడి జి ఆకారం అక్కడ డి. ఇక్కడి సి ఆకారం అక్కడ జి లో పై భాగం. ఉక్కు తీగలు కాబట్టి వేలి కొసలు మళ్లీ కొన్నాళ్లు మండుతాయి. కార్డ్స్ మార్పు, కుడి చేతి నడక మాత్రం మళ్లీ మొదట్నుంచి నేర్చుకోనక్కర్లేదు.